మా వాళ్ళు చూడబోతున్న ఆ పల్లె మా అమ్మమ్మది

ప్రశ్న:

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు గానీ, అమ్మమ్మ ఊరి పేరు గానీ వేయొద్దని కోరారు. ఆ ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళై పదకొండేళ్ళయింది, తొమ్మిదేళ్ళ పాప ఉంది. పుట్టి పెరిగింది విశాఖపట్నంలో. తల్లి మాత్రం విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలరి పల్లెలో పుట్టింది. ఈమె డిగ్రీలో ఉండగా తల్లి పోయింది. ఆ తర్వాత సెలవులన్నీ అమ్మమ్మ ఇంట్లోనే గడిచాయి. ఉద్యోగం హైదరాబాద్‌లో వచ్చింది, అక్కడే ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. అత్తవారికి "మాది వైజాగ్" అని చెప్పారు. "అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు" అని ఆమే రాశారు. పల్లెలో అమ్మమ్మ ఉందని భర్తకు తెలుసు. ఎప్పుడూ వెళ్ళలేదు.

పెళ్ళినాడు అమ్మమ్మ ఒక గుడ్డ సంచి నిండా ఎండు నెత్తళ్ళు అనే చిన్న చేపలు తెచ్చింది. కల్యాణమండపంలో అత్తగారు "ఎక్కణ్ణుంచో నీచు వాసన వస్తోందే" అన్నారు. ఎవరినుద్దేశించి అన్నారో, అసలు ఎవరినైనా ఉద్దేశించే అన్నారో ఈమెకు ఇప్పటికీ తెలీదు. అమ్మమ్మ మాత్రం లేచి, సంచి తీసుకెళ్ళి బయట గోడ పక్కన పెట్టి వచ్చింది. పెళ్ళికూతురు చూసి కూడా ఏమీ అనలేదు. భోజనాలు మొదలవకముందే అమ్మమ్మ "నానెల్లొస్తానమ్మా" అని తల నిమిరి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఈమె ఆ ఊరు వెళ్ళలేదు. పండక్కి ఫోన్ చేస్తారు. అమ్మమ్మ మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, "మీ అత్తగారోళ్ళు బాగున్నారా?"

ఇప్పుడు డిసెంబరు సెలవులకు అత్తగారు, మామగారు, ఆడపడుచు కుటుంబంతో కలిపి పన్నెండు మంది విశాఖ ట్రిప్ వేసుకున్నారు. అందులో ఒక రోజు భీమిలి దారి. ఆడపడుచు భర్త ప్లాన్ తయారుచేసి ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఉదయం కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు. తర్వాత "12.30 నుంచి 1.10, ఫిషింగ్ విలేజ్, ఫోటోలు, ఫ్రెష్ ఫిష్". ఆ తర్వాత భీమిలిలో డచ్చి సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఆ ఫిషింగ్ విలేజ్ ఆమె అమ్మమ్మ ఊరే. ప్లాన్ చూసి పాప, "అమ్మా, నువ్వెప్పుడైనా ఫిషింగ్ విలేజ్ చూశావా?" అంది. "చూశాను" అన్నారు ఈమె. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు.

"తలనొప్పి అని చెప్పి హోటల్లో ఉండిపోనా? ఆ ఊరు ప్లాన్‌లోంచి తీయించనా? అందరికీ చెప్పేయనా? చెబితే పదకొండేళ్ళు ఎందుకు దాచావంటారు. చెప్పకపోతే అమ్మమ్మ ముందు టూరిస్టులా దిగాలి. ప్రయాణానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఏం చేయమంటారు?"

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పాప ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "చూశాను" అన్నారు మీరు. ఆ మాటను మనం రెండు రకాలుగా వాడతాం. చార్మినార్ చూశాం అంటాం. ఒంట్లో బాగాలేని పెద్దమ్మను చూసొచ్చాం అని కూడా అంటాం. మొదటిదానికి టికెట్ చాలు. రెండోదానికి చేతిలో నాలుగు పళ్ళుండాలి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి, ఇన్నాళ్ళు ఎందుకు రాలేదో చెప్పాలి. మీ వాళ్ళు మొదటి రకం చూడటానికి వెళ్తున్నారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకేం తెలుసు? మీరు మాత్రం పదకొండేళ్ళుగా రెండో రకం చూపు బాకీ ఉన్నారు. ఈ రెండూ ఒకే బండిలో, ఒకే నలభై నిమిషాల్లో అయిపోవాలని ఆ ప్లాన్ అడుగుతోంది. అందుకే మీకు నిద్ర పట్టడం లేదు.

ముందు పెళ్ళినాటి సంగతి మాట్లాడుకుందాం. ఆ రోజు మీరు చేసింది తప్పు కాదని నేననను. అలా అంటే మీకు కాసేపు హాయిగా ఉంటుందేమో గానీ నా మాట మీరు నమ్మరు. తప్పే. కానీ ఎంత తప్పు? పెళ్ళిపీటల మీద కూర్చున్న అమ్మాయి, చుట్టూ కొత్త మనుషులు, ఒక్క క్షణం నోరు పెగల్లేదు. మర్నాడో, వారానికో వెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. అలా వెళ్ళకపోవడమే దాన్ని ఇంత చేసింది. మొదటి ఏడాది వెళ్ళలేకపోయారు, రెండో ఏడాది మొదటి ఏడాది ఎందుకు రాలేదో చెప్పాల్సి వస్తుందని వెళ్ళలేదు, ఆ పైన ఏడాదికేడాది అదే కారణం. ఇందులో మీ మనసు చెడ్డదనడానికి ఏమీ లేదు. అప్పు తీర్చలేనివాడు వీధి మార్చి నడుస్తాడు చూడండి, అలాంటిదే.

అత్తగారి మాట సంగతి వేరు. ఆవిడ నీచు ముట్టరని మీరే రాశారు. ముట్టనివాళ్ళకు ఎండు చేపల వాసన మండపం అవతల ఉన్నా తెలుస్తుంది. ఆ సంచి ఎవరిదో ఆవిడకు తెలుసనడానికి మీ ఆరు పేజీల్లో ఎక్కడా ఆధారం కనిపించలేదు. తెలిసి అన్నారేమో, తెలీక అన్నారేమో, అది తేల్చగలిగింది ఆవిడొక్కరే. మీరు మాత్రం ఆ మాటను అవమానం కింద లెక్క రాసేసుకుని, దాన్ని ఆవిడకు చెప్పకుండా, ఆవిడ దగ్గరే పదకొండేళ్ళు కాపురం చేశారు. అది మీకెంత బరువో ఊహించగలను. ఆ లెక్క ఇప్పుడే తేల్చాలని మాత్రం నేననుకోను. ఈ ప్రయాణంలో మీ పని అమ్మమ్మతో. రెండు పనులు కలిపితే రెండూ చెడతాయి.

ఇంకొకటి కూడా మీరు ఒప్పుకోవాలి. మీకు అపరాధభావం ఒక్కటే కాదు, కాస్త సిగ్గు కూడా ఉంది. "మాది వైజాగ్" అని ఆపేయడంలో ఉంది అది. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మిన మనిషి మనవరాలినని చెప్పడానికి ఆఫీసులో, అత్తింట్లో మీకు నోరు రాలేదు. ఇది మీ ఒక్కరిలో పుట్టింది కాదు. మన దగ్గర చేప తినేవాళ్ళకు కూడా చేప పట్టేవాళ్ళంటే చులకన. బడిలో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారని మీరు ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యం పెళ్ళి సంఘటన కన్నా పెద్దదిగా కనిపించింది. కల్యాణమండపంలో "వాసన" అన్న మాట చెవిన పడగానే మీరు మళ్ళీ ఆ బడిలో కూర్చుని ఉంటారు. నోరు పెగలకపోవడానికి కారణం బహుశా అదే.

ఇక మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

తలనొప్పి అని హోటల్లో ఉండిపోవడం ఒకటి. మీరు ఉండిపోయినా బండి ఆ ఊళ్ళో ఆగుతుంది. ప్లాన్ వేసిన అన్నయ్యగారికి ఫోటోల సరదా ఎక్కువని రాశారు. ఇసుకలో పట్టా పరిచి చేపలు ఎండబెడుతున్న ముసలామె కనిపిస్తే ఆయన ఫోటో తీయకుండా ఉంటారా? అది మీ గ్రూపులోకి వస్తుంది. హోటల్ గదిలో పడుకుని మీ ఫోన్‌లో మీ అమ్మమ్మను మీరే చూస్తారు. కింద ఎవరో "సూపర్ పిక్" అని పెడతారు. ఆ తర్వాత ఆ ఫోటోలో ఉన్నది ఎవరో ఏ రోజు చెప్పగలరు? ఈ దారి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, నా మటుకు అన్నిటికన్నా ఎక్కువ ఖరీదైనది ఇదే.

ఆ ఊరు ప్లాన్‌లోంచి తీయించడం రెండోది. దీనికి అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఆ ప్లాన్ ఎలాగూ ఒక రోజులో అయ్యేది కాదు. విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద దూరం పాతిక ముప్పై కిలోమీటర్లే, నిజమే. కానీ పన్నెండు మంది, అందులో మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, పిల్లలు. ఆగిన ప్రతిచోటా దిగడానికి, బాత్రూములకు, మళ్ళీ ఎక్కడానికి అరగంట పోతుంది. ఎనిమిది చోట్ల ఆగితే నాలుగు గంటలు అక్కడే అయిపోతాయి. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. పైగా మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు జాలరి పల్లెకు వెళ్తే చూడటానికి ఏముంటుంది? మీకు తెలియనిది కాదు. రాత్రి వేటకెళ్ళిన పడవలు చాలావరకు పొద్దెక్కేలోగా ఒడ్డుకొచ్చేస్తాయి, ఇసుకలోనే వేలం అయిపోతుంది, ఆడవాళ్ళు గంపలెత్తుకుని అమ్మకానికి పోతారు, రాత్రంతా మేలుకున్న మగవాళ్ళు నిద్రపోతుంటారు. ఈ మాట చెబితే అన్నయ్యగారు నొచ్చుకోకుండా ఆ ఊరు తీసేస్తారు. అయితే అది ఆ రోజుకు గండం గడిపిన లెక్కే. బండి మీ అమ్మమ్మ వీధి మలుపు దాటుకుంటూనే భీమిలికి పోతుంది. మీరు కిటికీ పక్కన కూర్చుంటారా, ఇవతల పక్కనా అన్నది అప్పుడు మీకు పెద్ద ప్రశ్న అవుతుంది. అమ్మమ్మకు ఎనభై రెండేళ్ళని రాశారు. మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో ఆలోచించండి.

అందరికీ ముందే చెప్పేసి, టూరు ఆపి, పన్నెండు మందితో అమ్మమ్మ ఇంటికే చుట్టపు చూపుగా వెళ్ళడం మూడోది. వినడానికి ఇదే బాగుంది. చాలామంది మీకు ఇదే చెబుతారు. నాకు మాత్రం భయంగా ఉంది. రెండు గదుల ఇల్లు. పదకొండేళ్ళ తర్వాత మనవరాలు, అదీ అత్తింటివారందరితో వస్తోందంటే ఆవిడ ఏం చేస్తుంది? పక్కింటి నుంచి కుర్చీలు తెస్తుంది. మేనమామ అప్పు చేసి వంజరం కొంటాడు. అత్తగారు తినరని తెలిసి విడిగా ఏదో వండాలని హైరానా పడతారు. మీరు వెళ్ళాక ఆ అప్పు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇంకో మాట. "అమ్మమ్మా, ఆ రోజు నేను లేచి నీ దగ్గరకు రావాల్సింది" అన్న వాక్యాన్ని పన్నెండు మంది ముందు మీరు అనలేరు. అనకుండా తిరిగొస్తే వెళ్ళినట్టూ కాదు.

నాలుగోది, మీరు రాయనిది. మిగతావాళ్ళ కన్నా ఒక రోజు ముందే మీరు, మీ ఆయన, పాప విశాఖ చేరుకోవడం. తెల్లవారి ఆ ఊరు వెళ్ళడం, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండటం. మర్నాడు మిగతావాళ్ళు రావాలా వద్దా అన్నది అమ్మమ్మను అడగడం. ఆవిడ సరే అంటే, భీమిలి వెళ్తూ అరగంట ఆగుతారు, అప్పుడు వాళ్ళు మీ చుట్టాలింటికి వస్తున్నారు. వద్దంటే వద్దు, ఆ ఊరు మీదుగా బండి ఆగకుండా పోతుంది, అయినా మీకు కిటికీ పక్కన కూర్చోవడానికి భయం ఉండదు. నా మనసు దీనివైపే మొగ్గుతోందని దాచను. దీనికీ ఖర్చుంది. ఇంకో రోజు సెలవు కావాలి, టికెట్లు మార్చాలి. "ఒక రోజు ముందెందుకు?" అని అత్తగారు అడుగుతారు, జవాబు నిజమే అయ్యుండాలి. పైగా, ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, అమ్మమ్మ మీరనుకున్నట్టు కన్నీళ్ళతో వాటేసుకోకపోవచ్చు. ముభావంగా ఉండొచ్చు. మేనమామ నిష్ఠూరమాడొచ్చు. "ఇప్పుడు దారి తెలిసిందేటి?" అనొచ్చు. ఆ మాట పడాలి. పడటానికే వెళ్తున్నారు కూడా.

సెలవు దొరక్కపోతే ఇదే పని ఆ రోజునే మరోలా చేయొచ్చు. మిగతావాళ్ళు కైలాసగిరి, రుషికొండ తిరిగేలోగా మీరు ముగ్గురూ చీకటితోనే ఆటో మాట్లాడుకుని ఊరికి వెళ్ళి, వాళ్ళను తొట్లకొండ దగ్గర కలుసుకోవచ్చు. మూడు గంటలు దొరుకుతాయి. తక్కువే, అయినా నలభై నిమిషాలు కాదు, ఎవరి ముందూ కాదు.

ఈ ప్రయాణమే కుదరదనుకుంటే వేసవి సంగతి కూడా ఆలోచించండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మరపడవలు, మోటారు పడవలు సముద్రంలోకి వెళ్ళవు. మేనమామ ఇంటిపట్టునే వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు, కూర్చుని మాట్లాడటానికి తీరిక ఉంటుంది. అయితే అవి చేతిలో డబ్బు ఆడని రోజులు. వెళ్తే బియ్యం, సరుకులు పట్టుకెళ్ళండి. ఎనభై రెండేళ్ళ మనిషి విషయంలో వేసవి దాకా ఆగమని మాత్రం నేను సలహా ఇవ్వలేను.

ఇప్పుడు చెప్పడం సంగతి. ముందు మీ ఆయనకు, ఇవాళో రేపో. ఆయనకు ఊరు తెలుసు, సంచి సంగతి తెలీదు. ఆ సంగతి కూడా చెప్పండి. తన తల్లి మాట కాబట్టి ఆయన వెంటనే ఆవిడ తరఫున మాట్లాడొచ్చు. మాట్లాడనివ్వండి. "మీ అమ్మ మీద ఫిర్యాదు కాదిది, నా గురించి చెబుతున్నాను" అనండి. ఆయన మీ వెంట లేకుండా నాలుగో దారి నడవదు.

అత్తగారికి విడిగా చెప్పండి. గ్రూపులో కాదు, బండిలో అందరి మధ్యా కాదు. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, "అత్తయ్యగారూ, ప్లాన్‌లో ఉన్న ఆ ఊరు మా అమ్మ పుట్టిల్లు. అమ్మమ్మ అక్కడే ఉంది. చాలాకాలంగా వెళ్ళలేదు, ముందు నేను వెళ్ళి చూడాలి" అంటే చాలు. మూడు వాక్యాలు. ఎందుకు దాచావంటే, "చెప్పడానికి సిగ్గుపడ్డాను, ఇప్పుడు అలా దాచినందుకు బాధగా ఉంది" అనండి. దీనికి మించిన సంజాయిషీ ఎవరికీ బాకీ లేరు. వాసన మాట ఎత్తొద్దు. ఎప్పుడైనా ఆవిడే "పెళ్ళిలో మీ అమ్మమ్మను సరిగా పలకరించనే లేదు" అంటే అప్పుడు తలుపు తెరుచుకున్నట్టే, చెప్పండి. అనకపోతే, అమ్మమ్మ దగ్గర పని అయ్యాక ఆ మాట మిమ్మల్ని ఇంకా కుడుతోందో లేదో చూసుకుని నిర్ణయించుకోండి.

మీ మామగారి గురించి ఒక మాట. చరిత్ర టీచరుగా రిటైరయ్యారని, తొట్లకొండ చూడాలన్నది ఆయన చిరకాల కోరికని రాశారు. మీరు గమనించారో లేదో, ఈ ప్రయాణంలో మీకు అందరికన్నా దగ్గరి మనిషి ఆయనే కావచ్చు. తొట్లకొండ ఎలా బయటపడిందో ఆయనకు తెలిసే ఉంటుంది. 1970ల్లో నావికాదళం ఆ కొండ మీద సర్వే చేస్తున్నప్పుడు శిథిలాలు కనిపించాయి. తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే సుమారు రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధారామం, స్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు బయటపడ్డాయి. వాన నీళ్ళు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి కాబట్టే తొట్లకొండ. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ అక్కడ దొరికాయి. ఆ నాణేలు కొండ మీదికి ఎలా వచ్చాయి? సముద్రం మీద రాకపోకలు సాగించిన మనుషులు ఈ ఒడ్డున ఉండబట్టే కదా. కొండ మీద నిలబడి కిందికి చూస్తే ఆ సముద్రమంతా కనిపిస్తుంది, అంచున పల్లెలు కనిపిస్తాయి. ఆ మనుషుల పేర్లు మనకు తెలీవు. మీ మామగారు ఆ తీరం గురించి జీవితమంతా పిల్లలకు చెప్పి ఉంటారు. తన కోడలు ఆ తీరం పిల్ల అని మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు. నేనైతే ఆయనకు ఆ కొండ మీదే చెబుతాను. అప్పటికి అత్తగారికి చెప్పేసి ఉంటారు కాబట్టి ఇబ్బంది ఉండదు.

కొండ పైదాకా బండి వెళ్తుంది, మోకాళ్ళకు కష్టం లేదు, కానీ పైన నీడ తక్కువ, పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం పెద్దవాళ్ళను లోపలి గండ్లలోకి దింపొద్దు, అంచు నుంచి చూసి వచ్చేయండి. మీరు ఒక రోజు ముందే వెళ్ళగలిగితే, కైలాసగిరి, రుషికొండ ఇంకో రోజుకు పెట్టుకోమనండి. భీమిలికి సాయంత్రం చాలు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన ఊరది, 1861లోనే మున్సిపాలిటీ అయింది. ఆ సమాధుల దగ్గర నేనొకసారి చాలాసేపు ఉన్నాను. ఎక్కడో పుట్టి, ఇంత దూరం వచ్చి, ఇక్కడ మట్టిలో కలిసినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. మీ మామగారు అక్కడ తొందరగా కదలరు, కదిలించకండి. పిల్లలు ఈలోగా గోస్తనీ కలిసే చోట ఆడుకుంటారు. నీళ్ళలోకి మాత్రం మోకాలి లోతు కూడా దిగనివ్వొద్దు. ఈ తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. అది మీకు చిన్నప్పుడే నేర్పి ఉంటారు, హైదరాబాద్ పిల్లలకు తెలీదు.

అమ్మమ్మ సరేనని మిగతావాళ్ళు కూడా వస్తే, బండి దిగకముందే రెండు మాటలు మీరే చెప్పండి. ఎవరినీ అడక్కుండా ఫోటో తీయొద్దు, ముఖ్యంగా ఇళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళను. ఆరబెట్టిన వల మీద చెప్పులతో నడవొద్దు. వంట పెట్టుకోవద్దని అమ్మమ్మకు ముందే ఒట్టు పెట్టించుకోండి, కొబ్బరి బోండాలు చాలు, అవి అత్తగారు కూడా తాగుతారు. డబ్బు ఇవ్వాలనుకుంటే ముందురోజే, ఎవరూ లేనప్పుడు మేనమామ భార్య చేతికివ్వండి. అందరి ముందూ నోటు తీస్తే సంచి బయట పెట్టిన రోజే మళ్ళీ వచ్చినట్టు ఉంటుంది.

పాపకు ఇచ్చిన జవాబు ఈ రాత్రే సరిచేయండి. "నేను చూశానన్నాను కదా, అది నీ అమ్మమ్మ, అంటే మా అమ్మ, పుట్టిన ఊరు. నా సెలవులు కూడా అక్కడే గడిచాయి" అని చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్ల, వంద ప్రశ్నలు వేస్తుంది. తెప్ప ఎలా ఉంటుంది, నీకు ఈత వచ్చా, ముత్తమ్మమ్మకు నేను తెలుసా? మీకు జవాబులన్నీ వచ్చు. ఆ ప్రశ్నలకు జవాబులు చెబుతుంటేనే మీ గొంతు తిరిగి వస్తుంది. పెద్దవాళ్ళకు చెప్పడానికి అదే సాధన.

ఇవన్నిటికన్నా ముందు ఫోన్. పొద్దున పూట చేయొద్దు, పడవలు వచ్చే వేళ ఆవిడ మనసు ఒడ్డు మీద ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి చేయండి. ఫోన్ మేనమామ దగ్గర ఉంటుందన్నారు కాబట్టి, స్పీకర్ ఆపి ఆవిడ చేతికిచ్చి కాస్త అవతలికి వెళ్ళమనండి. "మీ అత్తగారోళ్ళు బాగున్నారా?" అని ఆవిడ అడిగేలోగా మీరే మొదలుపెట్టండి. "అమ్మమ్మా, ఆ రోజు నువ్వు తెచ్చిన నెత్తళ్ళు నేను తినలేదు. ఈసారి వస్తున్నాను, కాసిని ఎండబెట్టి ఉంచుతావా?" అని అడగండి.